వ్యాయామం తర్వాత నీరసం: ఓర్చుకోవాలా, తిండి సరిచేసుకోవాలా?

లంకగాలి (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. బరువు తగ్గాలని టౌన్లో జిమ్‌లో చేరాను. తెల్లవారుజాము బ్యాచ్. పరగడుపునే వెళ్ళాలి. గంటసేపు ఆగకుండా బస్కీలు, బర్పీలు (నేల మీదికి వంగి లేచి ఎగిరే కసరత్తు), స్కిప్పింగ్, ట్రెడ్‌మిల్ మీద పరుగు. వారానికి ఆరు రోజులు. పొద్దున్న రెండు ఇడ్లీ, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి అన్నం పూర్తిగా మానేసి కీరదోస ముక్కలు, మజ్జిగ.

మొదటి వారం బరువు బాగా దిగింది. ఆ తర్వాత కాటా కదలడం లేదు. మధ్యాహ్నం కొట్లో కూర్చుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. సాయంత్రం మా పిల్లాడు బంతి తెచ్చి ఆడదాం నాన్నా అంటే లేవబుద్ధి కావడం లేదు. కోచ్ గారేమో "నీరసం వస్తోందంటే కొవ్వు కరుగుతోందన్నమాట, ఓర్చుకో" అంటారు. మా అమ్మ "ముందు ఇంత అన్నం తినరా" అంటుంది. ఎవరి మాట వినమంటారు?

భీమవరం పరుగు

కోచ్ గారి మాటే వినండి. మొదటి నెల ఎవరికైనా నీరసం ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొత్త పనికి అలవాటు పడాలి కదా. ఒళ్ళు నొప్పులు కూడా కసరత్తు చేసిన మర్నాడో ఎల్లుండో ఎక్కువై, తర్వాత వాటంతటవే పోతాయి. ఈ దశలో భయపడి మానేసినవాళ్ళే సంక్రాంతికల్లా పాత బరువుకి వచ్చేస్తారు. చాలామందిని చూశాను.

కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చవ్వాలి. ఆకలీ అలసటా లేకుండా అది పోదండి. మన తాతలు తెల్లారకముందే చేలో దిగి దమ్ము చేసేవారు, ఆడవాళ్ళు వంగిన నడుం ఎత్తకుండా ఊడ్పులు ఊడ్చేవారు. నీరసమని ఎవరైనా కూర్చున్నారా?

దాళ్వా మాస్టారు (పాలకొల్లు వైపు, వ్యాయామోపాధ్యాయుడిని)

తాతల మాట వచ్చింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. చేలోకి వెళ్ళేముందు వాళ్ళు చద్దన్నం తినేవారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, గిన్నెడు మజ్జిగో తరవాణో. పొద్దెక్కాక గట్టు మీదికి క్యారేజీ వచ్చేది. ఎండ మండే వేళ చెట్టు కింద నడుం వాల్చేవారు. పని రోజంతా ఉండేది, నిజమే, కానీ నిదానంగా ఒకే తీరులో సాగేది. పరగడుపున రొప్పుతూ ఎగరడానికీ దానికీ పోలిక లేదు. వాళ్ళ కష్టం చెప్పేటప్పుడు వాళ్ళ తిండి కూడా చెప్పాలి కదండీ.

ఇక అసలు సంగతి. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారుగా కండరాల్లో 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు. నెమ్మదిగా నడిస్తే ఒంట్లో కొవ్వే ఎక్కువగా ఖర్చవుతుంది. రొప్పు వచ్చేలా చేస్తే ఈ గ్లైకోజెన్ మీద భారం పడుతుంది. రాత్రంతా నిద్రలో కాలేయంలో నిల్వ ఎలాగూ తగ్గుతుంది. పైగా లంకగాలి గారు రాత్రి పిండిపదార్థమే తినడం లేదు. తెల్లారి బర్పీలు. మధ్యాహ్నానికి ఒళ్ళు మొరాయించక ఏం చేస్తుంది?

మొదటి వారం దిగిన బరువు మాట కూడా చెప్పాలి. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించగానే ఆ నిల్వా పోయింది, దాంతోపాటు నీరూ పోయింది. కాటా మీద కనిపించింది చాలావరకు అదే. ఇప్పుడు కాటా కదలడం లేదని మీరు బెంగపడి ఇంకా తిండి తగ్గిస్తారేమోనని నా భయం. ఆ పని చెయ్యకండి.

నీరసం కొవ్వు కరుగుతోందనడానికి గుర్తు కాదండి. నిల్వలు అడుగంటినా, నిద్ర చాలకపోయినా, ఒంట్లో జబ్బున్నా అదే నీరసం వస్తుంది. పైగా బరువు తగ్గే పనికి అదే అడ్డం. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీళ్ళు చాలకపోతే కాలవకి వంతులవారీగా నీళ్ళు వదులుతారు చూడండి, తిండి చాలని ఒళ్ళూ అంతే. ఉన్న శక్తిని గుండెకీ మెదడుకీ ముందు ఇచ్చి మిగతా పనుల్లో కోత పెడుతుంది. పొద్దున్న గంట కష్టపడ్డ మనిషి మిగతా రోజంతా కుర్చీకి అతుక్కుపోతాడు. మెట్లెక్కడు, నడిచి వెళ్ళాల్సిన చోటుకి బండి తీస్తాడు, పిల్లాడితో ఆడడు. పొద్దున్న ఖర్చుపెట్టిన దాంట్లో కొంత ఇలా వెనక్కి వచ్చేస్తుంది. టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనం మీద 2012లో వచ్చిన అధ్యయనంలో, వాళ్ళు మనకన్నా చాలా ఎక్కువ తిరిగినా, ఒంటి కొలతని లెక్కలోకి తీసుకుంటే రోజు మొత్తం మీద ఖర్చు పట్నవాసుల కన్నా పెద్దగా ఎక్కువేం లేదని తేలింది. శరీరం ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది.

ఆ పిల్లాడి బంతి మాట నాకు బాగా గుచ్చుకుంది. సాయంత్రం వాడితో అరగంట ఆడలేని స్థితికి తెచ్చే వ్యాయామాన్ని నేను మంచి వ్యాయామం అనలేను.

భీమవరం పరుగు

మాస్టారూ, గ్లైకోజెన్ వరకు ఒప్పుకుంటాను. కానీ మీ మాట పట్టుకుని జనం వ్యాయామం చేసినప్పుడల్లా రెండు దోసెలు ఎక్కువ తింటే తగ్గేదేముంది? గంటసేపు చురుగ్గా నడిస్తే 250, 300 క్యాలరీలు పోతాయనుకుందాం. ఆత్రేయపురం పూతరేకులు రెండు మూడు నోట్లో వేసుకుంటే ఆ లెక్క చెల్లు. తినే క్యాలరీలు ఖర్చయ్యే వాటికన్నా తక్కువుండాలి, ఆ లోటు లేకుండా కొవ్వు కరగదు. లోటు ఉంటే కొంచెం నీరసం తప్పదు. ఆ కొంచెం ఓర్చుకోమంటే తప్పేంటి?

గౌతమి సిస్టర్ (స్టాఫ్ నర్సు, రామచంద్రపురం వైపు)

మీరిద్దరూ వాదించుకోండి గానీ, లంకగాలి గారు ముందు ఒకసారి రక్తం చూపించుకోవాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బి12, షుగర్. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరగడం, నీరసం రెండూ ఉంటాయి. అలాంటి మనిషిని ఓర్చుకోమనడం అన్యాయం. మగవాళ్ళలో హిమోగ్లోబిన్ 13, ఆడవాళ్ళలో 12 కన్నా తక్కువైతే రక్తహీనత కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే జిమ్‌కి వచ్చే ఆడవాళ్ళలో సగం మందికి నీరసం వ్యాయామానికి ముందే ఉండి ఉండొచ్చు. కోచ్‌లు ఈ మాట అడగాలి, అడగరు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. వ్యాయామంలో ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఆగాక కూడా గుండెదడ తగ్గకపోయినా అది ఓర్చుకునే నీరసం కాదు. 108కి ఫోన్ చెయ్యాలి. అలవాటు లేని కసరత్తు విపరీతంగా చేశాక మూత్రం డికాషన్ రంగులో వస్తే కండరాలు చితికి ఆ వ్యర్థం మూత్రపిండాలకి చేరుతోందన్నమాట. అప్పుడు కూడా మర్నాటికి చూద్దాం అనకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

కోనసీమ కొబ్బరి

ఇంత ఎందుకండీ, జిమ్ నుంచి వస్తూ రెండు కొబ్బరి బొండాలు కొట్టించుకుని తాగితే సరి. మన దగ్గర దొరక్కనా!

గౌతమి సిస్టర్

బొండం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, ఇంకా చెమట కారుతుంది. ఫ్యాన్లు సరిగ్గా లేని హాల్లో గంటసేపు చేస్తే చొక్కా పిండుకోవాల్సిందే. చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ దీనికి చక్కగా పనికొస్తుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు మాత్రం ఉప్పు గురించీ బొండాల గురించీ డాక్టర్ని అడగాలి.

పెరవలి వదిన

తమ్ముడూ, నువ్వు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావో చెప్పలేదు. కొట్టు కట్టేసి, లెక్కలు చూసుకుని, ఫోన్ చూసి పడుకునేసరికి పదకొండు దాటుతుందని నా ఊహ. మళ్ళీ తెల్లవారుజామునే జిమ్. నిద్రెక్కడుంది? 2010లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు కొద్దిమంది మీద చేసిన పరీక్షలో, అదే తక్కువ తిండి పెట్టి ఒక విడత పడకమీద ఎనిమిదిన్నర గంటలు, ఇంకో విడత అయిదున్నర గంటలు ఉంచారు. తగ్గిన బరువు రెండు విడతల్లోనూ ఇంచుమించు ఒకటే. కానీ నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ, కొవ్వు బదులు కండ ఎక్కువ పోయింది. నువ్వు నిద్ర మానుకుని చేసే కష్టం కండని తినేస్తోందేమో చూసుకో.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. నాలుగున్నరకి లేచి క్యారేజీలు కట్టి, ఆరింటికి కాలవగట్టు మీద నడక, అందరూ తిన్నాక మిగిలింది తినడం. వీళ్ళకి ఓర్చుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ అదే పని.

దాళ్వా మాస్టారు

పెరవలి వదిన గారి మాటకే నా ఓటు.

భీమవరం బాబూ, లోటు వద్దని నేననలేదు. ఎంత లోటు అన్నదే మన తగాదా. రోజుకి 500 క్యాలరీల లోటంటే వారానికి అర కిలో చొప్పున తగ్గుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వారానికి అర కిలో క్షేమమనీ, బరువు తగ్గే ఆహారమైనా రోజుకి 1,000 క్యాలరీలకు తగ్గకూడదనీ చెబుతోంది. లంకగాలి గారు రాసిన తిండి ఆ వెయ్యికి చేరడమే కష్టం. వ్యాయామం మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం. ఈయన తిన్నగా 360 నిమిషాల తీవ్ర వ్యాయామంలో దిగారు, అదీ మొదటి నెలలో, అరకొర తిండితో. అలవాటుపడ్డ ఆటగాడు ఇంకా ఎక్కువే చేస్తాడు, కానీ అతని పళ్ళెం కూడా చూడాలి.

నేనైతే ఇలా చేయమంటాను. జిమ్‌లో కఠినమైన రోజులు మూడు చాలు. మిగతా రోజుల్లో గట్టు మీద నడక, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతో. ఒక రోజు పూర్తి విశ్రాంతి. కఠినమైన రోజున బయల్దేరేముందు ఒక చక్కెరకేళీ అరటిపండు తినండి. వచ్చాక రెండు గుడ్లో పెసరట్టో, అప్పుడు ఆ ఇడ్లీ. రాత్రి చిన్న గిన్నెడు అన్నం, దాంతో గట్టి పప్పో చేపల పులుసో, కూర ఎక్కువ. లోటు కావాలంటే పంచదార, జంతికలు, సాయంత్రం బజ్జీల దగ్గర కోయండి. వండిన అన్నం వంద గ్రాములు 130 క్యాలరీలే, దాన్ని దోషిగా నిలబెట్టాల్సిన పని లేదు.

భీమవరం పరుగు

మూడు రోజుల మాట, నిద్ర మాట ఒప్పుకుంటున్నాను. అర కిలో మాట మాత్రం ఒప్పుకోను మాస్టారూ. అంత నెమ్మదైతే జనం విసిగి మానేస్తారు. 2014లో మెల్‌బోర్న్‌లో 12 వారాల్లో వేగంగా తగ్గించినవాళ్ళనీ, 36 వారాల్లో నెమ్మదిగా తగ్గించినవాళ్ళనీ పోల్చారు. వేగం వాళ్ళలో 81 శాతం మంది అనుకున్న బరువుకి చేరారు, నెమ్మది వాళ్ళలో సగం మందే. దాదాపు మూడేళ్ళ తర్వాత చూస్తే, తగ్గినవాళ్ళు తిరిగి పెరిగింది రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. నెమ్మదే నిలుస్తుందన్న మాటకి ఆధారం ఎక్కడుంది?

దాళ్వా మాస్టారు

మంచి అధ్యయనం తెచ్చారు, దాన్ని కాదనను. కానీ ఆ వేగం వాళ్ళు తిన్నది విటమిన్లు, ప్రొటీన్ కొలిచి కలిపిన తయారీ ఆహారం. వాళ్ళని పరిశోధకులు దగ్గరుండి చూసుకున్నారు. కీరదోస ముక్కలు తిని తెల్లవారుజామున బర్పీలు చేయించలేదు. వేగం కావాలంటే డాక్టరు పర్యవేక్షణలో ఆ దారి ఉంది. తిండి అంతగా కోసినప్పుడు కసరత్తు పెంచకూడదన్నదే నా మాట. రెండూ ఒకేసారి కుదరవు.

భీమవరం పరుగు

రెండూ ఒకేసారి వద్దన్న దాకా సరే. కానీ వేగం విషయంలో నేను మారను. కాటా కదిలితేనే మనిషికి హుషారు.

లంకగాలి

అందరికీ ధన్యవాదాలండి. సోమవారం రక్తపరీక్షకి వెళుతున్నాను. కోచ్ గారితో మూడు రోజులకి మారతానని చెప్పాను, ఆయనకి నచ్చలేదు, అయినా సరే. రాత్రి గిన్నెడు అన్నం మొదలైంది, అమ్మకి సంతోషం. వదిన గారూ, నిద్ర గురించి మీ ఊహ నిజమే. కొట్టు త్వరగా కట్టడం కుదరదు కాబట్టి సాయంత్రం బ్యాచ్‌కి మారొచ్చేమో కనుక్కుంటాను.

రావులపాలెం అరటి

సిస్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆయనకి షుగర్, గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఈయన కూడా బరువు తగ్గాలని పరగడుపున గట్టు మీద పరుగు మొదలుపెట్టారు. నిన్న చేతులు వణికి, చెమటలు పట్టి కూర్చుండిపోయారట. ఇదీ నీరసమేనా?

గౌతమి సిస్టర్

కాదమ్మా, అది షుగర్ పడిపోయిన లక్షణం అయ్యే అవకాశం ఎక్కువ. ఆ మాత్ర షుగర్‌ని బాగా దించేస్తుంది. పరగడుపు పరుగు ఇవాళ్టి నుంచే ఆపించండి. డాక్టర్ని కలిసి వ్యాయామం మొదలుపెట్టానని చెప్పాలి, మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు. మీరుగా మాత్ర ఆపకండి. ఈలోపు నడకకైనా ఏదైనా తినే వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళకూడదు, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. వణుకు వస్తే అక్కడే కూర్చుని 15 గ్రాముల గ్లూకోజ్, అది లేకపోతే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. మీటరు ఉంటే చూడండి, 70 కన్నా తక్కువుంటే పావుగంట తర్వాత మళ్ళీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చెయ్యండి.