సురినామ్ జావా మాటలు: 'ద'నా, 'డ'నా, 'ధ'నా?

నుడిగుడి:
ఒకప్పుడు డచ్చి వలస అయిన సురినామ్‌కు (దక్షిణ అమెరికా) కూలికి వెళ్లిన జావా వాళ్ల మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. 1890 ఆగస్టు 9న మొదటి 94 మంది దిగడం, 1939 దాకా దాదాపు 33 వేల మంది రావడం, ఇవన్నీ సరిచూశాను. మూడు సంగతులు తేల్చండి. పేర్లు ఎలా రాయాలి? మర్యాద భాష క్రొమొ అక్కడ మిగిలిందా? 'పడమటి వాళ్లు' ఎవరు?

అక్షరశుద్ధి:
పేర్లు మొదట. పాత డచ్చి రాతలో ఓ-ఈ జంట అంటే ఉ, టీ-జే అంటే చ, డీ-జే అంటే జ, ఒంటరి జే అంటే య. అందుకే అక్కడి జావా వాళ్ల రాజకీయ పార్టీ పేరు 'పెర్చాయా లుహుర్'. దాన్ని 'పెర్ట్‌జజా' అని రాసినవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంకోటి, ఇండోనేషియాలో జావా భాషను రాసే పద్ధతిలో డీ-హెచ్ కనబడగానే 'ధ' పెట్టేయకండి. అది మన 'డ'. పెద్ద అంటే 'గెడే', 'గెధే' కాదు. 'వెది' అంటే భయపడడం, 'వెడి' అంటే ఇసుక. మన త-ట, ద-డ తేడా జావాలో ఉంది. తెలుగు లిపికి దక్కిన వరం ఇది, పాడు చేయకండి.

తీరంగాలి:
వరం సరే, ఊపిరి మాటేమిటి? జావా ద, బ, గ పలికేటప్పుడు గాలి కలిసి వస్తుంది, తర్వాతి అచ్చు బరువెక్కుతుంది. ఉత్త 'ద' రాస్తే చదివేవాడికి ఆ బరువు తెలియదు. 'ధ' రాయడంలో తప్పేముంది?

అక్షరశుద్ధి:
తప్పే. ఆ గాలి 'ద'కీ ఉంది, 'డ'కీ ఉంది. అర్థం మార్చేది నాలుక తగిలే చోటు. మీరు రెండిటికీ 'ధ' పెడితే భయం, ఇసుక ఒకటైపోతాయి. వర్ణ నిర్మాణం చదివి మాట్లాడండి.

తీరంగాలి:
చదివే మాట్లాడుతున్నాను. రెండిటికీ పెట్టమని నేనెక్కడ అన్నాను? గొంతు తగ్గించండి.

మర్యాదరామన్న:
మీ గొడవలో రెండో ప్రశ్న కొట్టుకుపోయింది. ఇళ్లలో వాడేది ఎక్కువగా ఙొకొ, అంటే మామూలు మాట. క్రొమొ పెద్దల దగ్గర, పెళ్లిళ్లలో, స్లామెతాన్ అనే ప్రార్థన విందులో చేసే ప్రసంగాల్లో మిగిలింది. బడిలో డచ్చి, బజారులో స్రానన్ (అక్కడి అందరి వాడుక భాష) ఉన్నప్పుడు పిల్లలకు మెట్లు మెట్లుగా మాట నేర్పేదెవరు? తినడానికి ఙొకొలో 'మాఙాన్', క్రొమొలో 'నెడొ', గౌరవించాల్సినవారికి 'డహర్'. కొత్తవాళ్లు పడే గుంట ఒకటే: మర్యాద కదా అని తమకే 'డహర్' వాడతారు. 'నేను విచ్చేశాను' అన్నట్టుంటుంది. తన గురించి 'కులొ నెడొ' అనాలి.

సగ్గుబియ్యం:
సౌతో అనే కోడి చారు గురించి ఎవరూ రాయరేం? సంస్కృతి గిన్నెలోనే ఎక్కువ నిలిచింది. కోడి చారులో దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి పడాలి. గిన్నెలో మొలకలు, ఉడికిన గుడ్డు వేసి చారు పోశాక, వేయించిన ఆలూ పుల్లలు చివర్లో చల్లాలి. ముందే వేస్తే మెత్తబడి ముద్దవుతాయి.

నుడిగుడి:
సౌతో తర్వాత. పడమటి వాళ్ల సంగతి?

దిక్సూచి:
జావా నుంచి మక్కా పడమటి దిక్కు, కాస్త ఉత్తరానికి. సురినామ్ నుంచి తూర్పు, కాస్త ఉత్తరానికి. వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ పడమరకే తిరిగి నమాజు చేశారు, తర్వాత సంస్కరణవాదులు తూర్పుకు తిరిగారు. 'వొఙ్ ఙులొన్' పడమటి వాళ్లు, 'వొఙ్ ఙేతాన్' తూర్పు వాళ్లు. పడమటి వాళ్లు జావా ఆచారాలను ఎక్కువగా పట్టుకున్నారు. దీన్ని అజ్ఞానం అని రాయకండి. వాళ్లకది తాతల దిక్కు.

తీరంగాలి:
తాతల దిక్కు అంటే గుర్తొచ్చింది. 1954లో లంగ్‌కువాస్ ఓడలో వెయ్యి మంది వరకు ఇండోనేషియాకు తిరిగి వెళ్లారు. స్థిరపడింది జావాలో కాదు, పశ్చిమ సుమత్రాలోని తోంగార్‌లో. 'సొంతూరు చేరారు' అని మాత్రం రాయొద్దు.

అక్షరశుద్ధి:
ఇది ఒప్పుకుంటాను. 'ధ' ఒప్పుకోను.