ఇల్లు మారడం కథలోకి ఎలా వస్తుంది?

ప్రశ్న – కొత్తపాళీ, హైదరాబాదు

కొన్నేళ్లుగా కథలు రాస్తున్నాను. మా సంసారమంతా అద్దె ఇళ్లలోనే గడుస్తోంది కాబట్టి ఇల్లు మారడం నా కథల్లోకి అడక్కుండానే వచ్చేస్తోంది. అయితే ఏ కథ మొదలుపెట్టినా చివరికది పాత ఇంటి మీద బెంగగానో, లారీకి ఎక్కించిన సామాన్ల జాబితాగానో తేలుతోంది. గుమ్మం మీద పెన్సిలుతో గీసిన పిల్లల ఎత్తు గీతలు, ఖాళీ గదిలో మారుమోగే మాటలు ఇప్పటికే చాలామంది రాసేశారు. ఈ అనుభవాన్ని కథకు ఆధారంగా ఎలా నిలబెట్టుకోవాలి? మారిన వెంటనే రాయాలా, కొంతకాలం ఆగాలా? అనుభవజ్ఞులు చెబితే సంతోషిస్తాను.

జవాబు – గోదారిగట్టు

కొత్తపాళీ గారూ, బెంగ అనేది ఇల్లు మారడంలో చిట్టచివర వచ్చేది. అంతకుముందు జరిగేదంతా బేరమే, నా దృష్టిలో కథంతా ఆ బేరంలోనే ఉంటుంది. టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టినప్పుడు యజమాని ఊరేదని, ఎంతమందని అడిగి, కులం తెలుసుకోవడానికి మాట చుట్టూ తిప్పి, ఆఖరికి వంటింట్లో మాంసం వండుతారా అన్న దగ్గర ఆగుతాడు చూడండి, ఆ నాలుగు ప్రశ్నలకు భార్యాభర్తలిద్దరూ చెప్పే జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే మీకు కథ దొరికినట్టే. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలంటూ అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం, ఆషాఢం వచ్చేస్తోందని ముహూర్తం కోసం పిల్లవాడి పరీక్షల మధ్యలోనే పాలు పొంగించడం కూడా ఈ కోవలోవే. ఎవరి మాట నెగ్గింది, ఎవరు నోరు మూసుకున్నారు అన్నది అక్కడ బయటపడుతుంది.

సామాన్ల జాబితా గురించి ఒక మాట. వస్తువు కథలో ఉండాలంటే దాని మీద ఇద్దరికి హక్కు ఉండాలి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేరు, తేదీ కొట్టించే అలవాటు ఉంది కదా. పెళ్లికో, గృహప్రవేశానికో ఇచ్చిన ప్రతి బిందె మీదా సన్నటి చుక్కలతో ఇచ్చినవారి పేరు ఉంటుంది. మామగారు పోయాక ఉమ్మడి ఇల్లు ఖాళీ చేస్తున్న ఇద్దరు తోడికోడళ్లను ఆ గిన్నెల ముందు కూర్చోబెట్టండి. ఎవరి పుట్టింటివారి పేరున్నది వాళ్లు తీసుకుంటారు, అంతవరకు పేచీ లేదు. అత్తగారి పేరున్న కాఫీ ఫిల్టరు దగ్గర చేతులు కాస్త నెమ్మదిస్తాయి. తోమితోమి పేరు అరిగిపోయి తేదీ ఒక్కటే మిగిలిన బిందె దగ్గరకు వచ్చేసరికి ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి, ఆ తేదీన ఎవరి పెళ్లి జరిగింది, ఎవరిది తప్పిపోయింది అన్నంతవరకు వెళ్తాయి. పాత ఇంటిని తలుచుకుని ఎవరూ కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు.

కదలని వస్తువులను కూడా చూడండి. పాత ఇళ్లలో రుబ్బురోలు నేలలో పాతేసి ఉండేది. దాన్ని పెకలించి తీసుకుపోతామన్న మనిషి, గచ్చు పాడవుతుందని అడ్డుపడే కొత్త యజమాని, ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతుంటే కథ రాయడం మరింత బాగుంటుంది.

జవాబు – విశాఖ పాఠకుడు

మీ రెండో ప్రశ్నకు నా సమాధానం ఆగమనే. కాళీపట్నం రామారావు గారు ఉపాధ్యాయుడిగా విశాఖపట్నంలో స్థిరపడి ఉండగానే ‘యజ్ఞం’ రాశారు. కథ మాత్రం తాను పుట్టి పెరిగిన శ్రీకాకుళం ప్రాంతపు పల్లెది. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో 1951లో పెళ్లి చేసుకుని ఒంటారియో నుంచి పడమటి తీరానికి వెళ్లారు. 1968లో ఆమె తొలి సంపుటి వచ్చేనాటికి కూడా అక్కడే ఉన్నారు, అయినా అందులోని కథల్లో ఎక్కువ భాగం వదిలి వచ్చిన ఒంటారియో ఊళ్లవే. 1970లలో ఆమె తిరిగి ఆ ప్రాంతానికే కాపురం వచ్చేశారు. నివసిస్తున్న ఇంట్లో అన్నీ పనికొచ్చే వస్తువులుగానే కనిపిస్తాయి, వదిలేశాక ఏది గుర్తుంది, ఏది మరిచిపోయాం అన్న ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. రచయిత చేయాల్సిన కోత సగం అక్కడే పూర్తవుతుంది. అయితే ఒక మినహాయింపు ఉంది. మారిన రోజుల్లో చిన్న చిన్న సంగతులు రాసి పెట్టుకోండి, ఎందుకంటే మీటరు రీడింగు దగ్గర జరిగిన వాదన వంటివి జ్ఞాపకంలో నిలవవు.

జవాబు – నల్లమల

పై ఇద్దరూ చెప్పింది మరో ఇంటికి వెళ్లేవారి సంగతి. పాత ఇల్లు అసలే లేకుండా పోయేవారి మాట కూడా ఎవరో ఒకరు ఎత్తాలి. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు ఎన్నో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. దేవుడికి దక్కిన ఆ శ్రద్ధ మనుషుల ఇళ్లకు దక్కలేదు, కాగితాల మీద వాటికి పరిహారం లెక్క కట్టారు, అంతే. అదే జలాశయంలో నివృత్తి సంగమం అనే చోట ఉన్న మరో సంగమేశ్వరాలయమైతే అక్కడే ఉండిపోయింది, నీరు తగ్గే ఎండాకాలంలో మాత్రమే బయటపడి పూజలందుకుంటుంది. అటువంటి చోట కథ రాసేవారికి బెంగ గురించి ప్రత్యేకంగా చెప్పాల్సిన పని ఉండదు. పాత్రకు ప్రతి ఏడాదీ తన ఊరు కొంత కనిపించి మళ్లీ మునుగుతుంటే, కొత్త కాలనీలో ఇల్లు కట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఎంతకాలం వాయిదా పడుతుందో ఆలోచించండి. పోలవరం ముంపు మండలాల నుంచి వచ్చే కథల్లోనూ నేను వెతికేది ఇదే. చెట్టు, అడవి, వాగు కూడా ఇంట్లో భాగమైనవారికి పునరావాస కాలనీలో వరుసగా కట్టిన గదులు ఇల్లు అవుతాయా అన్నది పాత్రలు వాదించుకోవాల్సిన విషయం, రచయిత తీర్పు చెప్పాల్సింది కాదు.

కొత్తపాళీ

అందరికీ ధన్యవాదాలు. గిన్నెల సంగతి చదివాక మా పెద్దమ్మ గారి ఇంటి పంపకాలు గుర్తొచ్చాయి, రాయాలనిపిస్తోంది. అయితే అలాంటి కథ ఎవరి కంటితో చెప్పాలి? కోడళ్లలో ఒకరి వైపు నుంచి చెబితే రెండోవారికి అన్యాయం జరుగుతుందేమో.

గోదారిగట్టు

జరగనివ్వండి, పాఠకుడు దాన్ని పట్టుకోగలడు. మీకు అంత ఇబ్బందిగా ఉంటే సామాన్లు మోయడానికి వచ్చిన హమాలీ చేత చెప్పించి చూడండి. అతనికి ఏ గిన్నె ఎవరిదో తెలియదు, ఏ సంచి ఏ ఆటోలోకి ఎక్కాలో మాత్రం తెలుసు. ఆ బిందెను ముందు ఒక ఆటోలో పెట్టించి, తర్వాత దింపించి, ఇంకో ఆటోలోకి మార్పిస్తే అతను అదనపు కూలి అడుగుతాడు. ఆ డబ్బు ఏ కోడలు ఇవ్వాలన్న దగ్గర మీ కథ మొదలుపెట్టవచ్చు.