ఓడ ప్రయాణంలో టిప్పులు తీసేయించుకోవడం పొదుపు కిందికి వస్తుందా?

ఫ్రిస్కో నాన్న
వచ్చే మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్ నాటికి గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు కూడా ఇక్కడే ఉంటారు కనుక, ఆరుగురం కలిసి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రాత్రుల క్రూజ్‌కు వెళ్లాలని అనుకుంటున్నాము. రెండవ సోమవారం బయలుదేరే ఓడ అది. మెక్సికోలోని కోజుమెల్, ప్రొగ్రెసో రేవులకు వెళ్లి వస్తుంది. రెండు ఇన్‌సైడ్ (కిటికీ లేని లోపలి) గదులు తీసుకుని, ఒకదానిలో మేమిద్దరం, రెండవదానిలో అమ్మానాన్నలతో పాటు పిల్లలిద్దరూ ఉండేలా లెక్క వేసుకున్నాను. అమ్మానాన్నల గదిని బాల్కనీకి మారిస్తే 380 డాలర్లు ఎక్కువవుతుంది. ఉద్యోగాల పరిస్థితి అందరికీ తెలిసిందే కనుక ప్రతి డాలరూ చూసుకోవలసి వస్తోంది. ఇంకా ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

లెక్కలపిచ్చి
గాల్వెస్టన్ నుంచి పదకొండు సార్లు ఓడ ఎక్కినవాడిగా చెబుతున్నాను. ఇన్‌సైడ్ గదుల విషయంలో మీ ఆలోచన సరైనదే, ఎందుకంటే గదిలోకి వెళ్లేది కన్ను మూయడానికే. సముద్రం చూడాలనుకున్నవారికి పై డెక్ మీద కుర్చీ ఉచితం. అయితే ఒక గదిలో మూడవ, నాలుగవ మనిషికి టికెట్ తగ్గుతుందే తప్ప రేవు రుసుములు, పన్నులు, టిప్పులు తగ్గవన్న సంగతి డబ్బు కట్టే పేజీకి వెళ్లేదాకా చాలామంది గమనించరు. బుక్ చేసి వదిలేయకండి. ప్రయాణానికి సుమారు 75 నుంచి 90 రోజుల ముందు పూర్తి సొమ్ము కట్టవలసిన గడువు వస్తుంది. అంతవరకు వారానికొకసారి ధర చూస్తూ, తగ్గిన రోజున ఫోన్ చేసి అడిగితే చాలా కంపెనీలు ఆ మేరకు తగ్గిస్తాయి. మా ఇంట్లో ఈ పని ప్రతి మంగళవారం సాయంత్రం కాఫీతో పాటు జరుగుతుంది.

ముందు రాత్రి గాల్వెస్టన్ దీవిలో హోటల్ తీసుకోకుండా వెబ్‌స్టర్‌లోనో లీగ్ సిటీలోనో దిగితే గది చవకగా వస్తుంది, పెద్దవాళ్లకు పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనమూ అవుతుంది. ప్రొగ్రెసోలో ఓడలు ఆగే వంతెన సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్ల పొడవున ఉంటుంది కనుక ఊళ్లోకి ఉచిత బస్సు నడుపుతారు. ఏ టూరూ కొనకుండా ఒడ్డు వెంట తిరిగి రావచ్చు. మాయా నాగరికత శిథిలాలున్న చిచెన్ ఇట్జా చూడాలంటే మాత్రం రోడ్డు మీద సుమారు రెండు గంటలు పడుతుంది, అక్కడ పొదుపుకు పోకుండా ఓడవారి టూరే కొనండి, ఎందుకంటే ఆలస్యమైతే ఓడ ఆగేది వారి బస్సు కోసమే.

ఇక అసలైన మిగులు టిప్పులలో ఉంది. మనిషికి రోజుకు సుమారు 18 డాలర్ల చొప్పున, పిల్లలకు కూడా, గది ఖాతాలో వాటంతట అవే పడిపోతాయి. ఆరుగురికి ఐదు రోజులకు 540 డాలర్లు. మొదటి రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి తీసేయమని అడగండి. కాదనరు.

గోంగూరపచ్చడి
ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతున్నాను: కరెంటు కెటిల్, రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకుని వెళ్లకండి. పోయిన ఏడాది మా పెట్టె గదికి రాలేదు. వెళ్లి చూస్తే భద్రతా సిబ్బంది బల్ల మీద మా కుక్కర్, పక్కనే మరో మూడు కుక్కర్లు, వాటి చుట్టూ మూడు తెలుగు కుటుంబాలు. చివరి రోజున తిరిగి ఇచ్చారు.

ఉప్పుగాలి
మాది విశాఖపట్నం. ఎస్‌టీసీడబ్ల్యూ అనే ఓడ సిబ్బంది భద్రతా శిక్షణ కోర్సులు, సీడీసీ అనే నావికుల గుర్తింపు పుస్తకం, మధ్యవర్తికి కట్టిన సొమ్ము అన్నీ అప్పు చేసి పూర్తి చేసుకుని, ఏడు సంవత్సరాలు ఇటువంటి ఓడల మీద గదులు శుభ్రం చేసే స్టీవార్డుగా పనిచేశాను. లెక్కలపిచ్చి గారు చెప్పిన 540 డాలర్లు గాలిలోంచి మిగలవు కనుక, అవి ఎక్కడినుంచి వస్తాయో కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నాకు పద్ధెనిమిది గదులు ఉండేవి. ఓడ సొంత రేవుకు వచ్చిన రోజున పాతవారు తొమ్మిదిన్నరకు దిగితే కొత్తవారు మధ్యాహ్నానికి ఎక్కుతారు. ఆ మధ్యలో పద్ధెనిమిది గదుల దుప్పట్లు, తువ్వాళ్లు మార్చాలి, గోడలోకి మడిచే పై బెర్తుల పరుపులు తీసి వేయాలి. నలుగురు ఉన్న గది అంటే స్నానాల గది నిండా కోజుమెల్ ఇసుక ఉంటుంది. సోఫా సందులోంచి పిల్లలు దాచిన బిస్కెట్లు వేళ్లతో తీయాలి, వాక్యూమ్‌కు రావు. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టులో ఒక్క ఆదివారం కూడా సెలవు ఉండదు. 2006 నాటి అంతర్జాతీయ నావికా కార్మిక ఒడంబడిక ప్రకారం ఇరవై నాలుగు గంటలలో పది గంటల విశ్రాంతి ఇవ్వాలి, కానీ దానిని రెండు ముక్కలు చేయవచ్చు, ఒక ముక్క ఆరు గంటలు ఉంటే చాలు. ఓడలు బహామాస్‌లోనో పనామాలోనో నమోదై ఉంటాయి కనుక అమెరికా కనీస వేతనం మాకు వర్తించదు. మా జీతంలో ఎక్కువ భాగం ఈ టిప్పుల నిధి నుంచే వచ్చేది. ఏ గదివారు తీసేయించుకున్నారో మాకు తెలిసేది కాదు, నెల చివర ఖాతా చూసుకున్నప్పుడు ఎంతమంది తీసేయించుకున్నారో అర్థమయ్యేది.

లెక్కలపిచ్చి
మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే జీతం ఇవ్వవలసినది కంపెనీ. టికెట్ ధరను తక్కువగా చూపించి ఎక్కించుకుని, జీతాల భారాన్ని టిప్పు అనే పేరుతో ప్రయాణికుడి మీద వేయడం మోసం కాదా? ఇష్టమైతే ఇచ్చేదానిని టిప్పు అంటారు, ఇష్టం లేకపోయినా వసూలు చేసేదానికి వేరే పేరుంది. పైగా నేను చివరి రాత్రి గది చూసినవారి చేతిలో ఇరవై డాలర్లు పెడతాను.

మౌనశ్రోత
అమెరికాలో పుట్టిన పిల్లలకు ఈ ప్రయాణానికి పాస్‌పోర్టు లేకపోయినా, ఓడ బయలుదేరిన రేవుకే తిరిగి వస్తుంది కనుక జనన ధ్రువపత్రం చాలునని, ఒక్కొక్కరికి 135 డాలర్లు మిగులుతుందని కొందరు చెబుతారు. కోజుమెల్‌లో బిడ్డకు జ్వరం వచ్చి విమానంలో తిరిగి రావలసి వస్తే ఆ కాగితం పనికిరాదు. మీ అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా (బయటికి వెళ్లి మళ్లీ రానిస్తుందా) అన్నది, వారి విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద, మెక్సికోలో చెల్లుతుందా అన్నది కూడా చూసుకోండి. ఓడలోని డాక్టరు ఫీజు నేరుగా గది ఖాతాలో పడుతుంది.

ఉప్పుగాలి
ఇరవై డాలర్లు చేతిలో పెట్టడం గురించి: 540 తీసేసి 20 ఇచ్చినవారిని దాత అనడానికి నాకు మనసు రావడం లేదు. మీకు భోజనం వడ్డించినవాడు, పళ్లేలు కడిగినవాడు, రాత్రి రెండు గంటలకు దుప్పట్లు ఇస్త్రీ చేసినవాడు మీ కంటికి కనిపించరు, వారి వాటా కూడా ఆ 540లోనే ఉంది. కంపెనీ మీద కోపం ఉంటే కంపెనీకి రాయండి. కోపం కంపెనీ మీద, కోత మా మీద!

గోంగూరపచ్చడి
నేను టిప్పులు తీసేయించుకోలేదు కానీ, కౌంటర్ దగ్గర వరుసలో మనవాళ్లు ఎక్కువగా కనిపించినప్పుడు తల దించుకున్న మాట నిజం.

లెక్కలపిచ్చి
ఇక నన్ను దొంగను చేయడమే మిగిలింది. నాకు ఇది కొత్త కాదు, అందుకే చెబుతున్నాను. మూడేళ్ల క్రితం మా కాలనీ నుంచి ఎనిమిది గదులు, పదహారు మందిని నేనే కూడగట్టాను. మూడు నెలల పాటు ఒకరికి శాకాహారం, ఒకరికి జైన భోజనం, ఒకరికి లిఫ్టు పక్క గది, ఒకరికి లిఫ్టుకు దూరంగా గది అంటూ రాత్రిళ్లు ఫోన్లు చేసి కుదిర్చాను. ఒక్కొక్క కుటుంబానికి కనీసం రెండు వందల డాలర్లు మిగిల్చాను. అంతమంది చేరినప్పుడు గుంపు పేరిట ఒక మనిషి టికెట్ సొమ్మును కంపెనీ తిరిగి ఇస్తుంది. ఆ సంగతి ఎవరో ఇంటర్నెట్‌లో చదివి, ఓడ మీదే, భోజనాల బల్ల దగ్గర, మా ఆవిడ ముందు, ఆ డబ్బు ఏమైందని అడిగారు. నేనే ఉంచుకున్నాను. ఉంచుకోవడంలో తప్పేముంది? ఆ పదహారు మందిలో ఈ రోజున దీపావళికి పిలిచేవారు ఇద్దరు. ఊరికే పనిచేయడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు.

ఉప్పుగాలి
మూడు నెలల శ్రమకు మీరు ఉంచుకున్నదాన్నే మా ఓడల మీద టిప్పు అంటాము.

మౌనశ్రోత
తప్పు ఉంచుకోవడంలో లేదు, ముందుగా చెప్పకపోవడంలో ఉంది.

తెనాలి ఆడపడుచు
మీరందరూ ఒకరి లెక్కలు ఒకరు తీయడంలో పడి మొదటి పోస్టును మరిచిపోయారు. ఫ్రిస్కో నాన్న గారు అమ్మానాన్నలను పిల్లలిద్దరితో కలిపి కిటికీ లేని గదిలో పెట్టి, భార్యాభర్తలు వేరే గదిలో ఉంటామన్నారు, దానిని ఇంతమంది చదివి కూడా ఒక్కరూ ఆగలేదు. నలుగురి గదిలో రెండు పడకలు నిచ్చెన ఎక్కే పై బెర్తులు. రాత్రి పిల్లవాడికి దాహం వేస్తే దిగడానికి లేపేది తాతయ్యనే.

మా అమ్మను నేను అలాగే తీసుకువెళ్లాను కనుక ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. ఇన్‌సైడ్ గదిలో దీపం ఆర్పితే చేయి చూపినా కనిపించదు. తెల్లవారిందో లేదో తెలియక అమ్మ మూడు రాత్రులు స్నానాల గది దీపం వేసి, తలుపు బెత్తెడు తెరిచి పెట్టుకుని పడుకుంది. రెండవ రోజున, "నీళ్ల మీదే ఉన్నామంటావు, నీళ్లేవే?" అని అడిగింది. పై డెక్ మీద కుర్చీ ఉచితమే కానీ, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎనిమిది అంతస్తులు ఎక్కడానికి లిఫ్టు కోసం నిలబడి, ఈత దుస్తులలో ఉన్న జనం మధ్య చీర కొంగు గాలికి పట్టుకుని ఎంతసేపు కూర్చుంటుంది? ఆ ప్రయాణంలో మేము మిగుల్చుకున్నది 310 డాలర్లు. మేమిద్దరం రాత్రి పన్నెండు దాకా షోలు చూశాము, అమ్మ మా పిల్లలను చూసింది.

ఫ్రిస్కో నాన్న
అమ్మా, మా తల్లిదండ్రులను నేను ఆయాలుగా తీసుకువెళ్లడం లేదు. వారు మనవల కోసమే ఏడాదికొకసారి ఇంత దూరం వస్తారు, పిల్లలు కూడా నానమ్మ పక్కనే పడుకుంటామంటారు. ఇది మా ఇంటి విషయం.

తెనాలి ఆడపడుచు
అడిగి చూశారా?

లెక్కలపిచ్చి
బాల్కనీకి 380 డాలర్లు పెట్టడం కన్నా ఆ డబ్బుతో ఇంకొక ప్రయాణానికి డిపాజిట్ కట్టవచ్చునన్నది నా అభిప్రాయం.

ఫ్రిస్కో నాన్న
రెండు రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. నిన్న గుంటూరుకు ఫోన్ చేశాను. నాన్నగారు ఎప్పటిలాగే, "మాకెందుకురా బాల్కనీలు, ఎక్కడో ఒకచోట నడుము వాల్చితే చాలు" అన్నారు. అమ్మ ఫోన్ తీసుకుని, ఆ గదికి తలుపు తీస్తే సముద్రం చప్పుడు వినిపిస్తుందా అని అడిగింది. సూర్యలంక తీరానికి పెళ్లైన కొత్తలో ఒకసారి వెళ్లారట, నాకు ఆ సంగతి తెలియదు.

అమ్మానాన్నలకు బాల్కనీ గది, మేము నలుగురం ఇన్‌సైడ్ గదిలో ఉండేలా మార్చాను. మనుషులు అటూ ఇటూ మారడంతో తేడా 380 నుంచి 290కి తగ్గింది. పై బెర్తు మీద పెద్దవాడు, కింద చిన్నవాడితో మా ఆవిడ, ఇక నాకు రెండవ పై బెర్తే దిక్కు. చిచెన్ ఇట్జా టూరు మానుకున్నాము. కుక్కర్ పెట్టడం లేదు. టిప్పులు ముందే కట్టేశాను. వాదనలో ఎవరు గెలిచారని కాదు, బిస్కెట్ల మాట చదివినప్పటినుంచి మా పిల్లల సోఫాను చూడలేకపోతున్నాను. ఆరుగురికి ఆరు రోజులకు 648 డాలర్లు అయినట్టుంది, రసీదు ఇంకా సరిగా చూడలేదు.

లెక్కలపిచ్చి
టిప్పుల మీద నా అభిప్రాయం మారలేదు. అయితే ఐదు రాత్రుల ప్రయాణానికి ఐదు రోజుల టిప్పులే వేస్తారు, 648 పడి ఉంటే ఒక రోజు ఎక్కువ వేసినట్టు. రసీదు తీసి చూడండి, 540 ఉండాలి. ఇంకొక మాట. ఈ రోజు మంగళవారం కనుక మీరు చెప్పిన తేదీకి బాల్కనీ గది ధర చూశాను, నిన్నటికన్నా 40 డాలర్లు తగ్గింది. గడువు దాటలేదు కనుక సాయంత్రంలోగా ఫోన్ చేయండి.