రోజువారీ పదాల గుంపుల పజిల్: మీరు ఏ మాటతో మొదలుపెడతారు?

బురుజు నీడ, కర్నూలు:
న్యూయార్క్ టైమ్స్ వారి కనెక్షన్స్ పజిల్‌ను నేను దాదాపు ఏడాదిగా ప్రతి ఉదయం ఆడుతున్నాను. తెలియనివారి కోసం రెండు మాటలు: 2023 జూన్‌లో మొదలైన ఈ ఆటలో 16 మాటలు ఇస్తారు, వాటిని నాలుగేసి చొప్పున 4 గుంపులుగా విడదీయాలి, 4 తప్పులు చేస్తే ఆట ముగిసిపోతుంది. పసుపు గుంపు అన్నిటికంటే తేలిక. ఆకుపచ్చ, నీలం దాటి ఊదా రంగుకు వచ్చేసరికి కష్టం పెరుగుతుంది. కలిసినట్టు కనిపించిన నాలుగు మాటలను వెంటనే నొక్కేయడం నా అలవాటు. ఒక్క మాటే తేడా అని సందేశం వస్తుంది, ఆ ఒక్కటి ఏదో తేల్చుకునేలోపు అవకాశాలన్నీ అయిపోతాయి. మీరు ఎలా మొదలుపెడతారో, ఎక్కడ ఆగి ఆలోచిస్తారో దయచేసి వివరంగా రాయండి.

పెన్న ఒడ్డు, కడప:
నాలుగు దొరికాయని నొక్కకండి, ఐదోది ఉందేమోనని వెతకండి. నేను చేసేది ఇంతే. ఉదాహరణకు మార్చ్, ఏప్రిల్, మే, జూన్, ఆగస్ట్ అని ఐదు నెలలు కనిపించాయనుకోండి. వాటిలో ఒకటి తప్పకుండా వేరే గుంపుకు చెందుతుంది. పక్కనే కెన్, మైట్, షుడ్ ఉంటే మే అటు వెళ్లాలి; నడకకు సంబంధించిన మాటలు మూడు ఉంటే మార్చ్ అటు వెళ్లాలి. ముందు ఆ చిన్న గుంపును పూర్తిచేస్తే నెలల లెక్క దానంతట అదే సరిపోతుంది. మాటలను తారుమారు చేసే షఫుల్ బటన్‌ను కూడా వాడుకోండి. పజిల్ కూర్చినవారు పక్కపక్కన పెట్టిన మాటలు విడిపోతే కన్ను మోసపోదు.

గడియార స్తంభం, అనంతపురం:
కడప మిత్రులు చెప్పినది నాకు తెలుగులోనే బాగా అర్థమైంది. సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లల కోసం, పాత క్యాలెండరు కాగితం వెనుక ఈ 16 మాటలు రాసి, చీటీలుగా కత్తిరించి చాప మీద పరిచాను: జొన్న, సీసం, పత్తి, ఇనుము, కందం, పెను, రాగి, సజ్జ, తేటగీతి, వెండి, విను, ఆరిక, తగరం, ఉరవ, కొర్ర, ఆటవెలది. స్వయంగా ప్రయత్నించదలచినవారు ఇక్కడే ఆగండి, జవాబు ఈ కిందనే ఉంది.

మా అన్న కొడుకు చూడగానే జొన్న, సజ్జ, కొర్ర, రాగి చీటీలను ఒకచోట చేర్చాడు. సంగటి తిని పెరిగినవాడికి రాగి అంటే ముందు తోచేది ధాన్యమే కదా. ఆరిక ఒంటరిగా మిగిలింది. మా అవ్వ కాసేపు చూసి, రాగి చీటీ మీద వేలు పెట్టి, "చెంబు గూడా రాగిదే కదప్పా" అన్నది. సరేనని లోహాలు లెక్కపెడితే అక్కడా ఐదు తేలాయి: రాగి, ఇనుము, వెండి, తగరం, సీసం. పిల్లలు అక్కడ చాలాసేపు ఆగిపోయారు. ఆ ముడి విప్పినది కందం. ఈ 16 మాటల్లో కందానికి పద్యాల గుంపు తప్ప వేరే చోటు లేదు. ఆటవెలది, తేటగీతి దాని పక్కన చేరితే నాలుగో పద్యం సీసమే కావాలి. సీసం అటు వెళ్లగానే లోహాలు సరిగ్గా నాలుగు మిగిలాయి, రాగి లోహాలలో కుదురుకోగానే దాని స్థానంలోకి ఆరిక వచ్చింది. చివరికి మిగిలిన పత్తి, పెను, విను, ఉరవ పక్కన కొండ చేర్చి చదవండి. వాటిలో వినుకొండ ఒక్కటే పల్నాడుది, తక్కిన మూడూ మన సీమ ఊళ్లే.

ఆ రోజు నుంచి ఇంగ్లీషు పజిల్‌లో కూడా నేను మొదట వెతికేది ఒకే ఒక చోట ఇమిడే మాటను. రెండు చోట్ల ఇమిడే మాటను ఎంతసేపు చూసినా అది ఎటు వెళ్లాలో తేలదు.

పసిడి వీధి, ప్రొద్దుటూరు:
పద్ధతి ఎంత మంచిదైనా, అమెరికా సబ్బుల పేర్లు, బేస్‌బాల్ మాటలు వచ్చిన రోజున మనం ఏమి చేయగలం? నేను వాటిని ముట్టుకోను. తెలిసిన మూడు గుంపులు పూర్తిచేస్తే తెలియని నాలుగు మాటలు వాటంతట అవే గుంపవుతాయి. ఆ తరువాత వాటిని కలిపే సూత్రం ఏమిటో చదివి నోటు పుస్తకంలో రాసుకుంటాను. అలా రాసుకున్నవి మళ్లీ ఎదురైనప్పుడు నిజంగా పనికివచ్చాయి.

కోట వాకిలి, ఆదోని:
నేను మాత్రం ఊదా రంగును చివరికి వదలను. అనంతపురం వారి పజిల్‌లో పెను, ఉరవ చూడగానే ఇవి విడిగా నిలిచే మాటలు కావని, ముందో వెనుకో ఏదో చేర్చాలని నాకు తోచింది. పత్తికొండ మాకు దగ్గరి ఊరు కాబట్టి ఆ గుంపే మొదట తేలింది. కాని ఒక సందేహం: వెండి కూడా కొండ ముందు నిలుస్తుంది కదా, కైలాసాన్ని వెండికొండ అంటాము. అయితే వెండిని తీసేస్తే లోహాలకు సీసం కావాలి, సీసాన్ని తీస్తే పద్యాలు మూడే అవుతాయి. కాబట్టి పజిల్‌కు జవాబు ఒక్కటే.

ఇంకొక మాట. బీబీసీలో 2008 నుంచి వస్తున్న ఓన్లీ కనెక్ట్ క్విజ్‌లో కూడా ఇలాంటి 16 మాటల గోడ ఉంటుంది, అక్కడ జట్టుకు రెండున్నర నిమిషాలే గడువు. మన ఆటకు గడువు లేదు. అర్ధరాత్రి కొత్త పజిల్ వచ్చేదాకా సమయమంతా మనదే, కర్నూలు వారు అంత తొందరపడి నొక్కవలసిన పని లేదు.

గడియార స్తంభం, అనంతపురం:
వెండికొండ నాకు తట్టనే లేదండీ. లెక్క చెడనందుకు సంతోషం. ఇకమీదట చీటీలు పరిచేముందు ప్రతి మాటనూ నాలుగు గుంపులతోనూ సరిచూసుకుంటాను.

బురుజు నీడ, కర్నూలు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం 16 మాటలనూ కాగితం మీద రాసి, ఒక్కచోటే ఇమిడే మాటల కింద గీత గీసి, ఆ తరువాతే ఫోన్ తీశాను. ఒకే తప్పుతో పూర్తయింది. ఇప్పుడు నేనూ తెలుగులో ఒకటి కూర్చుతున్నాను. నక్షత్రాలకు హస్త, స్వాతి, మఖ, మూల తీసుకున్నాను. మూలను ఇంటి వైపు లాగడానికి గడప, దూలం, అటక, వసారా పెట్టాను. మిగిలిన రెండు గుంపుల్లో ఒకటి గడపను తనవైపు లాగాలి. అలాంటి గుంపు ఎవరికైనా తోస్తే ఇక్కడ రాయండి, ఆదివారం నాటికి చీటీలు సిద్ధం చేస్తాను.