దుమ్ముకీ వాసనకీ ఒకే ఎయిర్ ప్యూరిఫయర్ సరిపోతుందా? (ఉప్పల్, రోడ్డు పక్క ఫ్లాట్)

ఉప్పల్_రెండోఅంతస్తు:
రోడ్డు వైపు ఫ్లాట్. బెడ్‌రూమ్ 12 × 12 అడుగులు, స్లాబ్ ఎత్తు 10 అడుగులు, స్ప్లిట్ ఏసీ ఉంది. పొద్దున తుడిచిన టీవీ స్టాండ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. దానికి తోడు వంటింటి వాసన, ముఖ్యంగా చేపల వేపుడు చేసిన రోజున. రాత్రిపూట బాత్రూమ్ వైపు నుంచి మురుగు వాసన కూడా వస్తోంది. 15 వేల లోపు మెషిన్ చూస్తున్నాను. డబ్బా మీద "500 చదరపు అడుగుల వరకు" అని ఉన్నది తీసుకోవచ్చా? హెపా (సన్న రేణువుల్ని పట్టే ఫిల్టర్), కార్బన్, అయొనైజర్ (గాలిలోకి విద్యుదావేశం వదిలే భాగం), వీటిలో ఏది తప్పనిసరి?

సీఏడీఆర్_శాస్త్రి:
చదరపు అడుగుల అంకె వదిలేయండి, అది అమ్మేవాళ్ల లెక్క. చూడాల్సింది సీఏడీఆర్, అంటే మెషిన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందనేది. మీ గది 12 × 12 × 10 = 1440 ఘనపుటడుగులు. 35.3తో భాగిస్తే సుమారు 41 ఘనపు మీటర్లు. గదిలో గాలి మొత్తం గంటకు ఐదుసార్లు ఫిల్టర్ గుండా పోవాలంటే 41 × 5 = 205 కావాలి. కొన్ని కరపత్రాల్లో అంకె సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఘనపుటడుగుల్లో ఇస్తారు, దాన్ని 1.7తో హెచ్చించి చూసుకోండి.

కిటుకు ఏమిటంటే, ఆ సీఏడీఆర్ ఫుల్ స్పీడ్‌లో కొలిచింది. ఫుల్ స్పీడ్ మోతలో ఎవరికీ నిద్ర పట్టదు. స్లీప్ మోడ్‌లో పెడితే వచ్చే గాలి అందులో చిన్న వంతే. అందుకని 205 అవసరమైన గదికి 300 నుంచి 350 ఉన్నది కొని మధ్య స్పీడ్‌లో నడపడం మేలు. మీరు చెప్పిన "500 చదరపు అడుగులు" మెషిన్ సీఏడీఆర్ 250 అనుకుందాం. అంత హాలు, 10 అడుగుల ఎత్తు, అంటే 142 ఘనపు మీటర్లు. గంటకు రెండుసార్లు కూడా తిరగదు. మీ బెడ్‌రూమ్‌కి పనికొస్తుంది కానీ, దాంతో ఇల్లంతా బాగుపడుతుందని అనుకోవద్దు.

హెపా విషయం: ఐరోపా ప్రమాణం ఈఎన్ 1822 ప్రకారం ఎచ్13 తరగతి అంటే, పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు రేణువుల్లో కూడా 99.95 శాతం ఆగాలి. అమెరికా లెక్కలో 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దగ్గర 99.97 శాతం. "హెపా టైప్", "హెపా లాంటి" అని రాసి ఉంటే ఈ రెండింటిలో దేనికీ కట్టుబడలేదని అర్థం. అలాగని ఇంకో మెట్టు పైనున్న ఎచ్14 కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. గదిలో గాలి పదే పదే తిరుగుతుంది కాబట్టి ఆ తేడా ఇంట్లో కనిపించదు, సీఏడీఆర్ తేడా కనిపిస్తుంది.

వన్‌టౌన్_వైజాగ్:
శాస్త్రి గారి లెక్క సరే, కానీ టీవీ స్టాండ్ మీద పేరుకునే దుమ్ముకి ప్యూరిఫయర్ మందు కాదు. 50 మైక్రాన్ల నలుసు సెకన్లలో కింద పడుతుంది, 10 మైక్రాన్లది నిమిషాల్లో. మెషిన్ దాకా వచ్చేలోపే అది సామాను మీద వాలిపోతుంది. గంటల తరబడి గాల్లో తేలేవి 1, 2 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు, అంటే బండ్ల పొగ, అగరుబత్తి, సాంబ్రాణి, పోపు పొగ. వాటిని ప్యూరిఫయర్ బాగా పడుతుంది. ఊపిరితిత్తుల లోపలికి దిగేవి కూడా అవే.

కంటికి కనిపించే దుమ్ముకి దారి మూసేయాలి. స్లైడింగ్ కిటికీల్లో రెండు రెక్కలు కలిసే చోట ఉండే నూగు పట్టీ అరిగిపోయి ఉంటుంది చూడండి. అల్యూమినియం పనివాళ్లు కొత్తది మీటర్ల లెక్కన వేస్తారు. కిటికీ కింది పట్టాలో నీళ్లు పోవడానికి పెట్టిన చిల్లులు మాత్రం మూయకండి, వానకి నీళ్లు లోపలికి వస్తాయి. తలుపు కింద రబ్బరు పట్టీ, గుమ్మం బయట, లోపల కాళ్లు తుడుచుకునే పట్టా ఒక్కోటి వేయండి. పొడి చీపురు మానేసి తడిగుడ్డ వాడండి, ఎందుకంటే చీపురు కింద పడ్డదాన్ని మళ్లీ గాల్లోకి లేపుతుంది. ఫ్యాను రెక్కలు, ఏసీ జాలీ రెండు వారాలకోసారి కడగాలి. మా పోర్టు వైపు ఇళ్లలో నల్లటి బొగ్గు దుమ్ముకైనా ఇదే వైద్యం.

ఉప్పల్_రెండోఅంతస్తు:
అంటే మెషిన్ దండగేనా?

వన్‌టౌన్_వైజాగ్:
దండగ అనలేదు. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు) రోజు సగటు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. డబ్ల్యూహెచ్‌వో 2021లో ఇచ్చిన సూచనలో అది 15. చలికాలంలో రోడ్డు పక్క తలుపులు వేసుకుని పడుకునే గదికి మెషిన్ పనికొస్తుంది. తుడిచే పని తగ్గుతుందని మాత్రం కొనకండి.

బొగ్గు_బాబాయ్:
ఇక వాసన. హెపా వాసనని ఆపదు, వాసన వాయువు కదా. ఆపాల్సింది యాక్టివేటెడ్ కార్బన్, అందులోనూ దాని బరువు ముఖ్యం. తక్కువ ధర మెషిన్లలో చాలావాటికి హెపా మీద నల్లటి పల్చని గుడ్డ ఒకటి అంటించి ఉంటుంది. అందులో కార్బన్ కొన్ని గ్రాములే, రోజూ పోపు పెట్టే ఇంట్లో కొద్ది వారాలకే నిండిపోతుంది. అరలు అరలుగా గింజల కార్బన్ ఉన్న ఫిల్టర్ అయితే చేతిలో ఊపితే గలగలమంటుంది, చేతికి బరువు తెలుస్తుంది. అరకిలో పైన ఉంటేనే వాసన కోసం కొన్నాం అనుకోవచ్చు. 15 వేల లోపు అది దొరకడం కష్టం.

నిండిన కార్బన్ ఊరుకోదు, పట్టినదాన్ని తిరిగి వదులుతుంది. మెషిన్ ఆన్ చేయగానే పాత కూర వాసన వస్తోందంటే కారణం ఇదే. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువైతే కార్బన్ పట్టు ఇంకా తగ్గుతుంది. ఎండలో పెడితే మళ్లీ పనిచేస్తుందన్న మాట నమ్మకండి, దాన్ని తిరిగి పనిలోకి తేవాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి. చేపల నీచుకి, అమ్మోనియాకి మామూలు కార్బన్ అంతంతమాత్రం. వాటికి రసాయనం పట్టించిన కార్బన్ వేరే ఉంటుంది.

వంటింట్లో ప్యూరిఫయర్ అసలు పెట్టొద్దు. నూనె ఆవిరి హెపా మడతల్లో జిడ్డులా పట్టి గాలి తగ్గుతుంది, ఆ వాసన ఫిల్టర్ మార్చేదాకా పోదు. పైపు బయటికి పెట్టిన చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ గానీ పొయ్యి వెలిగించకముందే వేసి, వంట అయ్యాక ఇంకో 15 నిమిషాలు ఉంచండి. పైపు లేకుండా కార్బన్ వేసి అదే గాలిని తిరిగి వదిలే చిమ్నీలు మిరపకాయ ఘాటుకి నిలవవు. ఎగ్జాస్ట్ తిరిగేటప్పుడు ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉండాలి. లేకపోతే బయటికి పోయిన గాలికి బదులు గాలి ఇంట్లో దొరికిన ప్రతి సందు నుంచీ, బాత్రూమ్ జాలీ నుంచి కూడా లాక్కుంటుంది.

ప్లంబింగ్_మల్లన్న:
అన్నా, గా మురుగు వాసనకు ప్యూరిఫయర్ కొనకు. జాలీ కింద నాని ట్రాప్ ఉంటది, అండ్ల నీళ్లు నిలవడ్తేనే పైపు వాసన ఆగుతది. నీళ్లు ఎండితే వాసన సక్కగ ఇంట్లకే. వాడని బాత్రూమ్, బాల్కనీ, వాషింగ్ మెషిన్ దగ్గర, అన్ని జాలీలల్ల రెండేసి మగ్గుల నీళ్లు పొయ్యి. రాత్రికి వాసన లేకుంటే రోగం దొరికినట్టే. ఎక్కువ రోజులు వాడని దాంట్ల నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె పోస్తే జల్ది ఎండదు.

అయినా వస్తుంటే వాష్‌బేసిన్ కింద చూడు. మడతల పైపు గోడల ఊకె దోపి ఇడిసిపెడ్తరు, సుట్టూ సందు ఉంటది. రబ్బర్ వాషర్ ఏసి సిలికాన్ కొట్టాలె. కమోడ్ అడుగున తెల్ల సిమెంట్ పగిలిందా అది గూడ చూడు. బొద్దింకలు గూడ గా సందులకెల్లే వస్తయి.

సీఏడీఆర్_శాస్త్రి:
మల్లన్న చెప్పింది ముందు చేయండి, ఖర్చు లేదు.

అయొనైజర్ గురించి ఎవరూ అనలేదు. మీటతో ఆపేసుకునే వీలున్న మెషిన్ తీసుకుని ఆపేసి ఉంచండి. కొన్ని అయొనైజర్లు ఓజోన్ పుట్టిస్తాయి, అది ఊపిరితిత్తులకు చెడ్డది. కాలిఫోర్నియాలో ఇంటి ఎయిర్ క్లీనర్ల ఓజోన్‌కి చట్టం పెట్టిన హద్దు 0.050 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.050 వంతు). "ఓజోన్‌తో వాసన మాయం" అని అమ్మే డబ్బాల జోలికి వెళ్లొద్దు.

ఫ్రిస్కో_టెక్సస్:
అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. సెంట్రల్ ఏసీ ఉన్న ఇంట్లో ముందు రిటర్న్‌లో, అంటే ఏసీ ఇంటి గాలిని వెనక్కి లాక్కునే చోట ఉన్న ఫిల్టర్ చూడండి. మెర్వ్ 13 (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్న రేణువుల్ని పడుతుందో చెప్పే రేటింగు) వేసి ఫ్యాన్‌ని ఆటో నుంచి ఆన్‌కి మార్చితే ఇల్లంతా వడకడుతుంది. అంగుళం మందం మెర్వ్ 13 కొన్ని యూనిట్లకు గాలి బిగపడుతుంది, నాలుగంగుళాల చోటు ఉంటే అదే నయం. కార్చిచ్చు పొగ రోజుల్లో నాలుగు మెర్వ్ 13 ఫిల్టర్లు, 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, టేపుతో చేసే కోర్సీ–రోసెంథాల్ బాక్స్ మంచి పని చేస్తుంది. అందులో కార్బన్ ఉండదు కాబట్టి వాసన పోదు.

ఉప్పల్_రెండోఅంతస్తు:
కొన్నాక పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మెషిన్ మీద నీలం లైటు వెలిగితే చాలా?

సీఏడీఆర్_శాస్త్రి:
చాలదు. మొదట, హెపాకి చుట్టి ఉన్న ప్లాస్టిక్ కవర్ తీశారా చూడండి. దాంతోనే నెలలు నడిపేవాళ్లు బోలెడు మంది. తర్వాత విడిగా ఒక పీఎం 2.5 మీటరు సంపాదించండి. గది మూసి, ఫ్యాను నెమ్మదిగా పెట్టి, ఒక అగరుబత్తి కాసేపు వెలిగించి ఆర్పండి. అంకె 300 దగ్గర ఉండగా మెషిన్ వేయండి. గంటకు ఐదుసార్లు తిరుగుతుంటే 60కి రావడానికి దాదాపు 20 నిమిషాలు. 40 నిమిషాలు పట్టిందంటే సగమే ఇస్తోంది. రిటర్న్ గడువు లోపలే, మీరు రాత్రి పెట్టబోయే స్పీడ్‌లో కూడా ఒకసారి చేయండి.

నీలం లైటు ఎప్పుడూ మారకపోతే పక్కనున్న సెన్సార్ రంధ్రం మూత తీసి, కటకాన్ని పొడి ఇయర్ బడ్‌తో తుడవండి. రెండు నెలలకోసారి చాలు.

బొగ్గు_బాబాయ్:
ప్రీ ఫిల్టర్ జాలీ రెండు వారాలకోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి, తడిగా పెడితే ముక్కిన వాసన. హెపాని నీళ్లతో కడగకూడదు, దాని నారల అమరిక చెడుతుంది. మెషిన్‌ని గోడకి అడుగు దూరంలో, కర్టెన్ తగలకుండా పెట్టండి. ఇంకోటి, ఇది కార్బన్ డయాక్సైడ్‌ని తీయదు. ఏసీ గది రాత్రంతా మూసి ఉంటే తెల్లారి బండ్లు తక్కువున్నప్పుడు పావుగంట కిటికీ తెరవాల్సిందే.

ఉప్పల్_రెండోఅంతస్తు:
కరెంటు, ఫిల్టర్ ఖర్చు?

సీఏడీఆర్_శాస్త్రి:
40 వాట్ల మెషిన్ ఫుల్ స్పీడ్‌లో రోజంతా తిరిగితే నెలకు 29 యూనిట్లు. తక్కువ స్పీడ్‌లో 8 వాట్లు లాగితే 6 యూనిట్లే. అసలు ఖర్చు ఫిల్టర్‌ది, కాబట్టి మెషిన్ కంటే ముందు దాని ధర, మీ ఊళ్లో దొరకడం చూడండి. "ఫిల్టర్ మార్చండి" లైటు చాలావాటిలో గంటల లెక్కే, ఫిల్టర్ స్థితిని కొలవదు. అగరుబత్తి పరీక్షలో టైము పెరిగినప్పుడు మార్చండి. బయటి కంపెనీ ఫిల్టర్ వేస్తే అంచున స్పాంజి పట్టీ గట్టిగా కూర్చుందా చూడాలి. నెల తర్వాత తీసినప్పుడు శుభ్రమైన వైపు అంచు వెంట బూడిద రంగు చార కనిపిస్తే, గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పక్క నుంచి పోతోంది. అది తిరిగి ఇచ్చేయండి.