ఓజోన్ వల్ల చెల్లికి దగ్గు, నాన్నకి ఏమీ లేదు - వయసు తేడానా, ఆడామగా తేడానా?

అందరికీ నమస్తే, మాది గాజువాక. చెల్లికి 20 ఏళ్లు, మధ్యాహ్నం మూడింటికి ఎండలోనే రన్నింగ్ ప్రాక్టీస్‌కి వెళ్తుంది, ఈమధ్య ఇంటికొచ్చాక గట్టిగా ఊపిరి తీసుకుంటే చాలు ఛాతీ మధ్యలో మంట, పొడిదగ్గు అంటోంది, పొద్దున్నకల్లా మామూలైపోతుంది. అదే టైమ్‌కి నాన్న (62) కూడా గ్రౌండ్ చుట్టూ నడుస్తారు, ఆయనకి తుమ్ము కూడా రాదు. ఫోన్ యాప్‌లో చూస్తే ఆ టైమ్‌లో ఓజోనే ఎక్కువ చూపిస్తోంది, బండ్ల పొగ ఎండకి రియాక్ట్ అయ్యి తయారవుతుందంట కదా. మన దేశంలో ఓజోన్‌కి 8 గంటల సగటు లిమిట్ క్యూబిక్ మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు.

నేను చదివినదాని ప్రకారం ఓజోన్ కలిపిన గాలి ఉన్న గదిలో (ఛాంబర్‌లో) పెట్టి టెస్ట్ చేస్తే చిన్న వయసువాళ్లకే ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) ఎక్కువ పడిపోతుంది, యాభై దాటినవాళ్లలో పెద్దగా మార్పుండదు, ఆడామగా తేడా అయితే స్టడీకో రకంగా వచ్చింది. కానీ ఓజోన్ ఎక్కువున్న రోజుల్లో ప్రాణాపాయం పెద్దవాళ్లకే ఎక్కువని కూడా ఉంది, ఇదే నాకు బుర్రకెక్కట్లేదు. అంటే నాన్నకి తెలియట్లేదు గానీ లోపల వాపు ఉండొచ్చా? చెల్లి పరిగెడుతుంది కాబట్టి ఎక్కువ గాలి పీల్చడం వల్లేనా, లేక ఆస్తమా మొదలా? స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే టెస్ట్) ప్రాక్టీస్ అయిన వెంటనే చేయించాలా, మామూలు రోజున చేయించినా తెలుస్తుందా? ప్రాక్టీస్ పొద్దున్నకి మార్చమంటే కోచ్ గారు వినట్లేదు, మాస్క్ పెట్టుకోమంటున్నారు, అది దుమ్ముకే గానీ గ్యాస్‌ని ఆపదు కదండీ. తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఊపిరితిత్తుల డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.