ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా లినక్స్‌ను సోర్స్ కోడ్ నుంచి కట్టడం: చదువా, కాపీ పేస్టా?

కాజీపేట_పిల్లగాడు
హన్మకొండలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. ముగ్గురం కలిసి లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ ప్రాజెక్టుగా పెట్టుకుందామనుకున్నాం. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: ఇది 1999లో జెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన పుస్తకం, ఉచితం. ఉబుంటు లాంటి రెడీమేడ్ లినక్స్ ఎక్కించుకోకుండా, ఎనభై దాకా ప్యాకేజీల సోర్స్ దించుకుని ఒక్కొక్కటీ కంపైల్ చేసుకుంటూ, అంటే మెషిన్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చుకుంటూ, బూట్ అయ్యే సిస్టమ్‌ను మనమే కట్టుకోవాలి. మా గైడ్ సారేమో "పుస్తకంలో ఉన్న కమాండ్లు కొట్టుకుంటూ పోతే అందులో మీ పని ఏముంది?" అన్నారు. ఉన్నది రెండు నెలలు, 8 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ ఒకటి. సార్ మాట నిజమేనా?

సుబేదారి_బ్యాచిలర్
నిజమే తమ్మీ. నేనూ చేసిన బాపతే. అతికించడం, ఎంటర్ కొట్టడం, చాయ్ తాగి రావడం. బూట్ అయ్యాక ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా. తర్వాత హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోతే "జీసీసీ కంపైలర్‌ను మూడుసార్లు ఎందుకు కంపైల్ చేశావ్?" అని అడిగారు. "పుస్తకంలో అట్లనే ఉంది సార్" అన్నా. సాయంత్రం రైలుకే వరంగల్ వచ్చేశా.

వడ్డేపల్లి_కట్ట
అందులో పుస్తకం తప్పేముంది బ్రదర్, నువ్వు చాయ్‌కి పోయావు, అంతే.

మూడుసార్లు ఎందుకో ఇప్పుడైనా విను. ఇంట్లో పెరుగు లేనప్పుడు పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటాం కదా. మొదటి జీసీసీ ఆ తోడుతో పడ్డ పెరుగు: ఉబుంటు కంపైలర్‌తో పుట్టింది, ఉబుంటులోనే నడుస్తుంది, కానీ కొత్త సిస్టమ్ కోసం కోడ్ తయారుచేస్తుంది. అప్పటికి ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే సీ లైబ్రరీ కూడా లేదు కాబట్టి సగం సగమే. దాంతో గ్లిబ్‌సీ, అంటే ఆ సీ లైబ్రరీని, కడతాం. ఆ తర్వాత రెండో జీసీసీ, ఇది కొత్త ఇంట్లోనే నడుస్తుంది. అప్పుడు ఛ్‌రూట్ అనే కమాండ్‌తో ఆ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటాం. లోపల కట్టే మూడోదే మన సొంత పెరుగు. ఇంత తిప్పలూ పాత సిస్టమ్ లైబ్రరీలు కొత్తదాంట్లోకి అంటుకోకుండా ఉండడానికే. ఇది అర్థమైతే కమాండ్లు ఎవరు రాశారన్నది పెద్ద విషయం కాదు.

ఎనుమాముల_మిర్చి
నాకు ఇంకో కారణం ఉంది. సోర్స్ నుంచి కడితే లోపల ఏముందో మనకు తెలుస్తుంది. ఎవడో కంపైల్ చేసి ఇచ్చినదాన్ని కళ్లు మూసుకుని నమ్మాల్సిన పని లేదు. సెక్యూరిటీ కోసమైనా చేయాలి.

వడ్డేపల్లి_కట్ట
అన్నా, ఇక్కడ మాత్రం ఒప్పుకోను. పక్కింటి తోడు పులిసిపోయి ఉంటే మన పెరుగేమవుతుంది? యూనిక్స్ కట్టినవాళ్లలో ఒకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు ప్రసంగం 1984లో అచ్చయింది, అందులో చెప్పింది ఇదే. కంపైలర్‌లో ఒకసారి దొంగదారి పెడితే, సోర్స్‌లో దాని ఆనవాలు లేకపోయినా, ఆ కంపైలర్‌తో కట్టిన ప్రతి కొత్త కంపైలర్‌లోకీ అది పాకుతుంది.

అది పాత సంగతి అంటారేమో. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్ గొడవ చూడండి. 5.6.0, 5.6.1 వెర్షన్ల సోర్స్ మూటలోనే బ్యాక్‌డోర్ పెట్టారు. అసలు ముక్క టెస్ట్ ఫైళ్లలో దాక్కుంది, దాన్ని బయటికి తీసే స్క్రిప్టు అందరూ చూసే గిట్ కోడ్‌లో లేదు, మూటలో మాత్రమే ఉంది. ఆండ్రెస్ ఫ్రౌండ్ అనే ఇంజనీరు, దూరం నుంచి మెషిన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఆ మూటను మనం దించుకున్నా టార్‌తో విప్పి మేక్‌తో కట్టేసేవాళ్లమే. రెడీమేడ్ లినక్స్‌ల డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు కట్టేటప్పుడు మాత్రమే లేచేలా రాశారు కాబట్టి చేత్తో కట్టుకునేవాళ్లు బతికిపోయారు. అదృష్టమే కదా అది?

ఎనుమాముల_మిర్చి
సరే, అదృష్టమే అనుకుందాం. కానీ ఫ్రౌండ్ గారు పట్టుకోగలిగింది సోర్స్ చేతికి దొరికింది కాబట్టే. అది మర్చిపోకు.

సుబేదారి_బ్యాచిలర్
మీరిద్దరూ పెరుగు దగ్గరే ఆగిపోయారు. పిల్లలకు రెండు నెలలే ఉంది. జీసీసీ ఒక్కదానికే, టెస్టులతో కలిపితే, పుస్తకం చెప్పే ఎస్‌బీయూ కొలతలో నలభైకి పైగా పడుతుంది. మొదట కట్టే బిన్‌యుటిల్స్ ప్యాకేజీకి పట్టే టైమే ఒక ఎస్‌బీయూ. పాత ల్యాప్‌టాప్, ఎండాకాలం, మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు ఆపుతుందో చూసుకోండి.

నా మాట వింటే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్, బిజీబాక్స్ రెండే తీసుకోండి. బిజీబాక్స్ అంటే ఎల్‌ఎస్, క్యాట్, మౌంట్ లాంటివన్నీ ఒకే ఫైల్లో కుక్కిన మూట. దాన్ని బూట్ కాగానే మొదట నడిచే ఇనిట్ స్క్రిప్టుతో పాటు సీపీఐఓ మూటలో పెట్టి, క్యూఎమూ అనే వర్చువల్ మెషిన్‌లో బూట్ చేయండి. కెర్నల్ కంపైల్ అయ్యాక మిగతాది ఒక్క సాయంత్రం పని. అందులో కమాండ్లన్నీ మీరే రాసుకోవాలి, సార్ అడగడానికి ఏమీ ఉండదు.

వడ్డేపల్లి_కట్ట
ముందు అది చేయడం మంచిదే, ఒప్పుకుంటున్నా. కానీ అక్కడే ఆగిపోతే పాఠం నేర్పే పెద్ద దెబ్బలు తగలవు. నా మొదటి బూట్‌లో రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాక కెర్నల్ పానిక్ వచ్చింది, అంటే కెర్నల్ చేతులెత్తేసింది. డిస్క్ డ్రైవర్‌ను కెర్నల్‌లో కలపకుండా విడి మాడ్యూల్‌గా పెట్టాను, ఆ మాడ్యూలేమో డిస్క్ మీదే ఉంది, డిస్క్ కంటే ముందే మెమరీలోకి ఎక్కే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ పెట్టుకోలేదు. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టు. రెండు రోజులు పట్టింది తెలుసుకోవడానికి.

కాజీపేట_పిల్లగాడు
అన్నలూ, నిన్న రాత్రి బిజీబాక్స్ ప్రయత్నించాం. స్లాష్ ఇనిట్ నడవలేదు, ఎర్రర్ మైనస్ 2 అని పానిక్. మైనస్ 2 అంటే ఫైల్ లేదని కదా? సీపీఐఓ విప్పి చూశాం, ఇనిట్ ఉంది, దాన్ని నడపాల్సిన బిజీబాక్స్ కూడా ఉంది. కళ్ల ముందున్నదాన్ని లేదంటుందేంటి?

సుబేదారి_బ్యాచిలర్
ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీని బిజీబాక్స్ మీద కొట్టి ఏమొస్తుందో ఇక్కడ పెట్టు.

కాజీపేట_పిల్లగాడు
లిబ్‌సీ, ఎల్‌డీ లినక్స్ అని మూడు నాలుగు లైన్లు వచ్చాయి.

సుబేదారి_బ్యాచిలర్
లేదన్నది బిజీబాక్స్‌ను కాదు, దానికి లైబ్రరీలు ఎక్కించే ఆ ఎల్‌డీ లినక్స్‌ను. లైబ్రరీలు లోపలే కలిసిపోయేలా స్టాటిక్ ఆప్షన్ పెట్టి మళ్లీ కట్టు. ఈసారి చాయ్‌కి పోకు.